రెండో తాళంచెవి

నన్ను చూసి తాళంచెవి అనుకోరు. గుండ్రటి గొట్టం, అంచున ఏడు గాట్లు, వెనక బొటనవేలికి పట్టే చిన్న రేకు. నాతోపాటు పుట్టిన జంట ఒకటుంది. ఇద్దరినీ ఒకే ప్లాస్టిక్ కవర్లో వేసి, తుపాకీ పెట్టెతో సహా అమెరికాలో డల్లాస్ దగ్గర కాపురముంటున్న ఓ తెనాలివాళ్ల ఇంటికి పంపారు.

అయ్యగారికి గ్యాస్ స్టేషన్ ఉంది. అర్ధరాత్రి గల్లా సొమ్ముతో ఇంటికొస్తాడు కనక పిస్తోలు కొన్నాడు. ఇంట్లో ఆరేళ్ల బుడతడు. 17 ఏళ్లు నిండని పిల్లలకు గుండ్లున్న తుపాకీ చిక్కేలా అజాగ్రత్తగా వదిలేస్తే టెక్సస్ చట్టం ప్రకారం నేరం. అందుకే ఈ పెట్టె. మూతమీద అంకెల మీటలు, నీలం దీపం, కీచుమనే చప్పుడు. ఆర్భాటమంతా వాటిదే. నా పని బ్యాటరీ చచ్చిన రోజున.

ఆయన చేసిన మొదటి ఘనకార్యం, ఎక్కడైనా పోతామని మమ్మల్నిద్దర్నీ ఆ పెట్టెలోనే వేసి మూత మూయడం! నవ్వకండి. మీ బీరువా రెండో తాళంచెవి ఎక్కడుందో చూసుకుని అప్పుడు నవ్వండి.

ఏడాది తిరక్కుండానే బ్యాటరీ అయిపోయింది. లోపల పడుకుని వింటున్నాను. టకటకా మీటలు నొక్కుతున్నాడు, పెట్టె పలకదు. ఊరి నుంచి వచ్చిన వాళ్లమ్మ గుమ్మంలో నిలబడి, "తాళంచెవి బొడ్లో ఉండాల్రా నాయనా, పెట్టెలో పెట్టుకుంటారా ఎవరైనా?" అంది. ఆయనకు చిర్రెత్తుకొచ్చింది. పిడి తిప్పుతూ మూతమీద పిడికిలితో ఒక్కటిచ్చాడు.

మూత తెరుచుకుంది.

అందరూ ఘొల్లుమన్నారు. ఆవిడ మాత్రం నవ్వలేదు, మనవడి వంక చూసింది.

సంగతేమిటంటే, గడియను ఆపి ఉంచేది స్ప్రింగు మీద నిలబడ్డ చిన్న ఇనప పుల్ల. అంకెలు సరిగ్గా పడితే సోలినాయిడ్ అనే తీగచుట్టకు కరెంటు అందుతుంది, అది పుల్లను లాగుతుంది. చవక పెట్టెను అదను చూసి కుదిపితే కరెంటు లేకుండానే ఆ పుల్ల ఎగిరి దారిస్తుంది. 2012లో లాస్ వేగాస్‌లో డెఫ్‌కాన్ అనే హ్యాకర్ల సభలో మార్క్ వెబర్ టోబియాస్ అనే తాళాల నిపుణుడు ఇలాంటి పెట్టెల గుట్టే రట్టు చేశాడు.

మా వంశానికీ మచ్చ లేకపోలేదు. 2004లో మా గొట్టం జాతి సైకిల్ తాళాలు బాల్‌పెన్ను గొట్టం దూర్చి తిప్పితే ఊడొచ్చాయి. ఖరీదైన పెద్ద బీరువాల కథా అంతంతే. 2023లో లిబర్టీ సేఫ్ కంపెనీ, వారెంటుతో వచ్చిన ఎఫ్‌బీఐకి ఒకరి బీరువా తెరిచే నంబరు ఇచ్చేసింది. అలాంటి నంబరు కంపెనీ చేతిలో ఉందని కొన్నవాళ్లలో చాలామందికి అప్పుడే తెలిసింది. గగ్గోలు పెట్టాక, కోరినవాళ్లవి చెరిపేస్తామంది. ఆ నంబరూ నా జాతిదే, కంటికి కనిపించదంతే.

మా ఇంటికి కొత్త పెట్టె వచ్చింది. దానికి బ్యాటరీ లేదు, మీట నొక్కితే లోపల ఇనుమే ఇనుమును కదుపుతుంది. నేలకు బోల్టులతో బిగించారు. దాని రెండో తాళంచెవి బ్యాంకు లాకర్లో ఉంది. పాత పెట్టెలో బుడతడు బొమ్మకార్లు దాచుకుంటున్నాడు. నా జంట ఎక్కడో పోయింది. నేను వాడి గదిలో మేకుకు వేలాడుతున్నాను. వాడు నన్ను ఇంతవరకు ముట్టుకోలేదు. మూతమీద ఒక్క గుద్దు గుద్దుతాడు.