హాస్టల్ మావయ్య

ఎంసెట్ పేరు ఈఏపీసెట్‌గా మారింది గానీ, దాని వెనకాలే వచ్చే మావయ్య మాత్రం మారలేదు. ర్యాంకొచ్చి, కౌన్సెలింగ్ అయ్యి, సీటు ఖరారై, ఇంట్లో అమ్మ ఆవకాయ సీసాల్లోకి సర్దడం మొదలుపెట్టిందో లేదో, గుమ్మంలోంచి ఆయన గొంతు వినిపిస్తుంది. "సీటు సంగతి సరేనమ్మా, హాస్టల్ చూశారా?"

ప్రతి బంధువర్గంలోనూ ఇలాంటాయన ఒకరుంటారు. కొన్నిచోట్ల బాబాయి, కొన్నిచోట్ల పక్కింటి రిటైర్డ్ ఇంజినీరు. వరస ఏదైనా వ్యాపకం ఒకటే. హాస్టళ్ళని పోల్చడం. కాలేజీ ఎంపికలో ఆయన వేలు పెట్టడు. బ్రాంచి సీఎస్‌ఈయా, మెకానికలా అన్నది ఆయనకి అక్కర్లేదు. "నాలుగేళ్ళలో కుర్రాడు క్లాసులో కూర్చునేదెంత, మంచం మీద పడుండేదెంత?" అంటాడు. లెక్క వేసి చూస్తే కాదనలేం.

జూలై వచ్చిందంటే ఆయన చొక్కా జేబులో పెన్ను పక్కన టీడీఎస్ మీటరు చేరుతుంది. ప్యాంటు జేబులో టేపు, చేతిలో టార్చి. అటెండరు "ఫిల్టర్ నీళ్ళే సార్" అనేలోపే మీటరు గ్లాసులో మునిగి ఉంటుంది. తాగే నీళ్ళలో కరిగిన లవణాలు లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకూడదని భారతీయ ప్రమాణం. వేరే నీళ్ళు దొరకని చోట 2000 దాకా సర్దుకోవచ్చని కూడా అందులోనే ఉంది. ఈ రెండో ముక్కంటే మావయ్యకి మంట. "దొరకని చోట అంటే ఏంటండీ? ఇంత ఫీజు కట్టి దొరకని చోట ఎందుకుంటాం?" అని వార్డెన్ గారిని నిలదీస్తాడు. వార్డెన్ గారు పాఠం చెప్పేది గణితం. అదనపు బాధ్యత కింద ఈ పదవి నెత్తిన పడింది. ఆయన మర్యాదగా నవ్వి గడియారం చూసుకుంటారు.

తర్వాత బాత్రూములు. ఎన్ని ఉన్నాయని అడగడు. గడియ పడేవి ఎన్ని అని అడుగుతాడు. నాలుగు. ఆ అంతస్తులో తలకాయలు యాభై. ఏడున్నర నుంచి ఎనిమిదింబావు దాకా నలభై అయిదు నిమిషాల తొక్కిడి. అక్కడే గోడకి ఆనుకుని గుణించి భాగించి, "మనిషికి మూడున్నర నిమిషాలు" అని తేల్చి కుర్రాడి వైపు తిరుగుతాడు.

"ఇంట్లో ఎంతసేపు పడుతుందిరా నీకు?"

కుర్రాడు నేల చూపులు చూస్తాడు. వాళ్ళమ్మే చెబుతుంది. "నలభై నిమిషాలన్నయ్యా."

మెస్సులో ఆయన పద్ధతి చూసి నేర్చుకోవాల్సిందే. గోడ మీది మెనూ బోర్డు వైపు కన్నెత్తి చూడడు. ఆదివారం ససేమిరా వెళ్ళడు. చికెన్ వండిన రోజున ఏ హాస్టలైనా మంచిదేనంటాడు. మంగళవారం పొద్దున వెళ్ళి, పళ్ళాలు కడిగేచోట పారేసే డ్రమ్ము పక్కన నిలబడతాడు. ఇడ్లీలు సగం సగం కొరికి పడున్నాయా? ఉప్మా ముట్టుకోకుండా వదిలేశారా? పచ్చడి మాత్రం చుక్క మిగల్లేదా? "అయితే వంటవాడు మంచివాడే, సరుకు మంచిది కాదు" అని తేల్చేస్తాడు. ఆ తర్వాత, "డివైడింగ్ మెస్సా, కాంట్రాక్టు మెస్సా?" అని కూపీ లాగుతాడు. నెలంతా అయిన ఖర్చుని తిన్నవాళ్ళు పంచుకునే డివైడింగ్ వైపే ఆయన మొగ్గు. "బిల్లు పెరిగితే తిట్టుకోడానికి మన స్నేహితుడే దొరుకుతాడు. కాంట్రాక్టరైతే ఫోనెత్తడు." ఈ ఒక్క విషయంలో నేనూ మావయ్య పార్టీనే.

ఇదంతా ఊళ్ళో కాలేజీల సంగతి. చూసిన ప్రతి హాస్టల్‌కీ గడులు గీసి మార్కులేసుకునే ఆయన పట్టిక దేశమంతా పాకింది. మద్రాసు ఐఐటీలో హాస్టళ్ళకి నదుల పేర్లు: గోదావరి, కావేరి, నర్మద, తపతి, బ్రహ్మపుత్ర, అలకనంద, ఇంకా బోలెడు. బంధువుల్లో ఒక కుర్రాడికి అక్కడ సీటొచ్చిన రోజు, రాజమండ్రి మనిషి కదా, మావయ్య పొంగిపోయి, "ఎలాగైనా గోదావరిలో వేయించండి" అన్నాడు. "శుభమా అని సీటొస్తే గోదావరిలో వెయ్యమంటావేంటన్నయ్యా!" అని ఆ తల్లి కళ్ళొత్తుకుంది. చివరికి ఆ అబ్బాయికి నర్మదలో గదిచ్చారు. గోదావరి ఒడ్డున పుట్టినవాణ్ణి తీసుకెళ్ళి నర్మదలో ముంచారని మావయ్య ఇప్పటికీ అంటుంటాడు. ఆ క్యాంపస్ అడవిలాంటిది. జింకలు తిరుగుతాయి, కృష్ణజింకలు కూడా ఉంటాయి, కిటికీ తీసి ఉంచితే కోతులు గదిలోకే వస్తాయి. అప్పట్నుంచీ ఆయన పట్టికలో 'కోతులు' అనే గడి శాశ్వతంగా ఉండిపోయింది. అమీర్‌పేటలో నాలుగో అంతస్తు హాస్టల్ చూసినా సరే, ఆ గడిలో శ్రద్ధగా 'లేవు' అని రాస్తాడు.

ఖరగ్‌పూర్‌లో నెహ్రూ, పటేల్, ఆజాద్ అంటూ నాయకుల పేర్లతో హాళ్ళుంటాయి. దీపావళి రాత్రి ఆ హాళ్ళు ఒకదాంతో ఒకటి పోటీపడి, వెదురు తడకల మీద వేలకొద్దీ ప్రమిదలు వెలిగించి పెద్దపెద్ద బొమ్మలు చూపిస్తాయి. ఆ వీడియో చూసిన వాళ్ళంతా నోరు తెరిచారు. మావయ్య మాత్రం ఆఖరిదాకా చూసి, "నూనె ఖర్చు మెస్సు బిల్లులో కలుపుతారా?" అన్నాడు.

హైదరాబాదులో ప్రైవేటు హాస్టళ్ళ దగ్గర ఆయనకి మరీ హుషారు. టూ షేరింగ్, త్రీ షేరింగ్, ఫైవ్ షేరింగ్ అని రేట్ల బోర్డు కనిపిస్తే చాలు, మంచాల మధ్య టేపు పరిచేస్తాడు. మొన్నొక చోట జీఎస్టీ గురించి ఓనరుకి క్లాసు తీసుకున్నాడు. 2024 జూన్‌లో జీఎస్టీ కౌన్సిల్ తీసుకున్న నిర్ణయం ప్రకారం, నెలకి 20,000 రూపాయలు మించకుండా, కనీసం 90 రోజులు ఆపకుండా ఉంటే, హాస్టల్ వసతి మీద పన్ను లేదు. ఇదంతా వివరంగా చెప్పి, "కాబట్టి మీరు పన్ను వెయ్యడానికి వీల్లేదు" అని ముగించాడు. పాపం ఆ ఓనరు పన్ను మాటే ఎత్తలేదు. అయినా ఈ మనిషితో మనకెందుకని అడ్వాన్సులో అయిదొందలు తగ్గించాడు.

మేనకోడలి దగ్గరికొచ్చేసరికి మాత్రం మావయ్య పట్టిక అడ్డం తిరుగుతుంది. అమ్మాయిల హాస్టల్ గేటు సాయంత్రం ఆరున్నరకి మూస్తారంటే 'క్రమశిక్షణ' గడిలో పదికి పది. అదే కాలేజీలో అబ్బాయిల గేటు తొమ్మిదింటికి మూస్తారని తెలిస్తే 'జైలు' అని రాసి మూడు మార్కులు.

"లైబ్రరీ రాత్రి దాకా ఉంటుంది కదా మావయ్యా, ఆరున్నరకే లోపలికి పొమ్మంటే ఎలా?" అని ఆ పిల్ల అడిగింది.

"పుస్తకాలు రూముకి తెచ్చుకో అమ్మా."

ఆ పిల్ల ఊరుకోలేదు. 2015లో ఢిల్లీలో ఈ గేటు వేళల మీదే అమ్మాయిలు పింజ్రా తోడ్ అని ఉద్యమం లేవదీశారని, బయట తిరిగే హక్కు అందరికీ ఒకటేనని పది నిమిషాలు చెప్పింది. మావయ్య శ్రద్ధగా విన్నాడు. "నిజమేనమ్మా" అని కూడా అన్నాడు. కాసేపాగి, "అవునూ, ఆ ఢిల్లీ హాస్టళ్ళలో నీళ్ళెలా ఉంటాయిట?" అన్నాడు. నిజమేనన్న ఆ మాట తర్వాత కూడా గడిలో పది మార్కులు పదిగానే ఉన్నాయి. ఆయన మీద నాకున్న ఒకే ఒక్క ఫిర్యాదు ఇది. టేపు పెట్టి కొలిచే మనిషికి అమ్మాయికో టేపు, అబ్బాయికో టేపు ఎందుకుండాలి?

ఇంత శ్రమా పడ్డాక అసలు చిక్కొకటుంది. కాలేజీ హాస్టళ్ళలో కొత్తగా చేరేవాళ్ళకి ఎంచుకునే వీలు సాధారణంగా ఉండదు. ర్యాగింగ్‌ని నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే చట్టం వచ్చింది. ఆ తర్వాత 2009లో యూజీసీ పెట్టిన నిబంధనల్లో, వీలైనంత వరకు ఫస్టియర్ వాళ్ళని విడిగా ఒక బ్లాకులో ఉంచాలని ఉంది. పిల్లాడూ తల్లిదండ్రులూ అఫిడవిట్లు ఇవ్వాలనీ ఉంది. ఎ బ్లాకులో గాలి బాగా వస్తుందని, బి బ్లాకు మెస్సుకి దగ్గరని, సి బ్లాకులో మూడో అంతస్తుకి నీళ్ళెక్కవని మూడు పేజీల నివేదిక పట్టుకుని మావయ్య క్యూలో నిలబడతాడు. గుమస్తా తలెత్తకుండా అంటాడు.

"ఫస్టియర్ అంతా సి బ్లాకే సార్. డీడీ ఎక్కడ?"

"సి బ్లాకుకి నేనెన్ని మార్కులేశానో ఒక్కసారి చూడండి."

"నాకెందుకు సార్. డీడీ."

ఇంకొకరైతే ఆ పూటే పట్టిక చింపేద్దురు. మావయ్య డీడీ ఇచ్చి, రసీదు వెనకాలే సి బ్లాకు మార్కులు మరోసారి దిద్దుకుంటాడు. ఏ మాటకామాటే చెప్పాలి. అడ్మిషన్ రోజున తండ్రులంతా ప్లేస్‌మెంట్ల బ్రోషరు చదువుతుంటే, లోపలికెళ్ళి ఫ్లష్ నొక్కి చూసే మనిషి ఆ జనం మొత్తంలో ఆయనొక్కడే.

ఆ పట్టిక నేనొకసారి పూర్తిగా చూశాను. అన్నిటికన్నా పైన ఆయన చదువుకున్న హాస్టలుంది. నీళ్ళు: బురద. గదికి: నలుగురు. సాంబారు: పప్పు కనపడదు. దోమలు: అపారం. మొత్తం మార్కులు: వందకి తొంభై ఎనిమిది. ఇదెలా కుదిరిందని అడిగితే, "అది వేరు" అని పేజీ తిప్పేశాడు.

ఈ ఏడు ఆయన కీర్తి సముద్రం దాటింది. అమెరికాలో పుట్టి పెరిగిన అక్క మనవడు అక్కడే కాలేజీలో చేరాడు. మొదటి ఏడాది క్యాంపస్‌లోనే ఉండాలని అక్కడ చాలా యూనివర్సిటీల నియమం. డార్మ్ గది చూపించడానికి వాడు వీడియో కాల్ చేస్తే, మావయ్య కళ్ళజోడు తుడుచుకుని ఎదురుగా కూర్చున్నాడు. మంచం ట్విన్ ఎక్స్‌ఎల్, 38 అంగుళాల వెడల్పు, 80 అంగుళాల పొడవు, టేపు అక్కర్లేకుండా వాడే చెప్పేశాడు. బాత్రూమ్ వరండా చివర, అంతస్తులో అందరికీ కలిపి. ఈ మాటకి మావయ్య మొహం వెలిగిపోయింది. "చూశారా, అమెరికా వెళ్ళినా వరండా చివరే!" అని ఇంటిల్లిపాదికీ చాటాడు.

"తాతయ్యా, ఇంక చాలా?"

"పరుపెత్తు. నల్లులున్నాయేమో చూద్దాం."

వాడు సిగ్గుపడుతూ వెనక్కి చూశాడు. అప్పుడే వచ్చిన రూమ్మేటు, ఆరడుగుల అమెరికన్ కుర్రాడు, భాష తెలియకపోయినా ముసలాయన చేతి సైగ చూసి సంగతి గ్రహించాడు. బ్యాగు కింద పెట్టి, పరుపు ఒక కొస ఎత్తి పట్టుకున్నాడు.

"బంగారం లాంటి కుర్రాడు. కుట్టు దగ్గర చూడమను. అలాగే అటు మూల కూడా."