ఆదివారం అరకంతా: టీకా తాత్పర్య సహితం

మూలం: “ఆదివారం అరకంతా చూసొచ్చాం.”

అవతారిక. సోమవారం పొద్దున విశాఖ ఆఫీసుల్లో, టీ కొట్ల దగ్గర తరచు వినవచ్చే వాక్యమిది. కర్త లుప్తం, ‘మేము’ అని అధ్యాహారం చేసుకోవాలి. పూర్వవ్యాఖ్యాతలెవరూ దీని జోలికి పోలేదు, సుగమమనుకున్నారు కాబోలు. పదవిభాగం: ఆదివారం, అరకు, అంతా, చూసి, వచ్చాం. అరకు, అంతా కలిస్తే ఉత్వసంధి జరిగి ‘అరకంతా’ అవుతుంది. అంటే ‘అంతా’ వచ్చి తగలగానే అరకులోంచి కొంత రాలిపోయింది. వ్యాకరణం లెక్కకట్టింది ఆ ఒక్క ఉకారాన్నే; వాక్యంలో పోయినవి ఇంకా ఉన్నాయని ఈ టీక వాదం.

అరకు అనగా, వాచ్యార్థంలో, విశాఖకు నూటపది కిలోమీటర్ల పైచిలుకు దూరాన, సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున, అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్న లోయ. కానీ సదరు ఆదివారాన్ని విప్పి చూస్తే బొర్రా గుహలు, అనంతగిరి కాఫీ తోటలు బయటపడతాయి. ఇవి లోయకు చాలా ముందే తగిలేవి, మండలం కూడా వేరు. ‘గంగలో గొల్లపల్లె’ అంటే గంగ ఒడ్డున అని ఆలంకారికులు సరిపెట్టుకున్నారు గనుక ఇక్కడా లక్షణావృత్తితో గట్టెక్కవచ్చు. చిక్కల్లా ‘అంతా’తోనే. లక్షణ వల్ల అరకు హద్దులు ఎంత జరిగితే ఈ మాట మోయాల్సిన బరువు అంత పెరుగుతుంది.

ఆ బరువెంతో బొర్రా దగ్గర తూచి చూడొచ్చు. వాడుకలో బొర్ర అంటే బొజ్జ. కొండకు బొజ్జ ఉంటే అది ఇదే. దీన్ని తొలిచిన నది గోస్తనీ, అంటే ఆవు పొదుగు. అమరకోశంలో ఆ మాట ద్రాక్షకు పర్యాయం కూడాను, ఇక్కడ పనికిరాదనుకోండి. నీరు సున్నపురాయిని కరిగించి, చుక్క చుక్కగా మళ్లీ పేర్చిన ఊడలివి. ఏడాదికి మిల్లీమీటరు కూడా పెరగని సరుకు. కరపత్రాల పాఠం ప్రకారం 1807లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా ఉద్యోగి విలియం కింగ్ ఈ గుహను కనుగొన్నాడు. ఆ సంస్థ పుట్టిందేమో 1851లో! పాఠం భ్రష్టమని వేరే చెప్పనక్కర్లేదు. ఊరివాళ్ల కథలో ఒక ఆవు పైనున్న కంతలోంచి జారిపడుతుంది, వెతుక్కుంటూ దిగిన కాపరికి శివలింగం కనబడుతుంది. దీనికి తేదీ లేదు కాబట్టి తప్పయ్యే భయమూ లేదు. అయితే ఈ బొర్రా పంచాయతీ మీద అసలైన టీక రాసింది సుప్రీంకోర్టు. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల పరం కారాదని 1959 నాటి నిబంధన, దానికి 1970లో వచ్చిన సవరణ (జనం ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అనేది దీన్నే) శాసిస్తాయి. మరి గనులకు లీజులిచ్చిన ప్రభుత్వం ఆ నిబంధనలోని ‘వ్యక్తి’ అనే మాటకిందికి వస్తుందా, రాదా? వస్తుందని 1997లో సమత కేసు తీర్పు. ఒక్క పదం అర్థం మీద ఈ కొండల గతి తిరిగింది. ఆ తీర్పు ఏ లైటు వేసినా గుహలో కనబడదు. ‘అంతా’లో అదీ ఉండాలి కదా.

‘చూసి’ అనేది క్త్వార్థకం, అసమాపక క్రియ. వాక్యాన్ని ముగించేది ‘వచ్చాం’. ఆదివారం కాలపట్టిక కూడా ఈ వ్యాకరణాన్నే పాటిస్తుంది. పొద్దున ఏడు లోపు రైలెక్కితే పైకి దాదాపు నాలుగు గంటలు, ఘాట్ రోడ్డున దిగడానికి మూడు పైచిలుకు. భోజనం పోగా మిగిలిన కొద్ది గంటల్లో గిరిజన మ్యూజియం, పద్మాపురం తోట, థింసా నాట్యం, కాఫీ, బొంగు చికెన్, బొర్రా. రెండో ప్రపంచ యుద్ధకాలంలో సైనికులకు కూరగాయలు పండించిన తోట అది; ఇప్పుడు అక్కడ తీరిగ్గా కూర్చునే వ్యవధి కూడా లేదు. నిజానికి ఆ రోజులో అందరూ నిలకడగా చూసేది రైలు కిటికీలోంచే. ఆ మార్గం యాత్రికుల కోసం వేసింది కాదు. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించి జపానుకు పంపడానికి 1960లలో వేశారు. యాభైకి పైగా సొరంగాలు ఖనిజం కోసం తొలిచినవే. అద్దాల పెట్టె తగిలించింది 2017లో.

పూర్వపక్షం: వారానికి ఒక్క సెలవున్నవాడు వెళ్లడం మానుకోవాలా? అక్కర్లేదు. దోషం ‘ఆదివారం’లో లేదు, అదొక్కటే ఈ వాక్యంలో కొలతకు నిలిచే మాట. ఒక్క రోజుకు ఒక్క గుహో, ఒక్క రైలు దారో నిండుగా సరిపోతుంది. రెండో ఆక్షేపం గట్టిది: ఈ పరుగు వల్లనే కదా బొంగు చికెన్ కాల్చేవాళ్లకు, థింసా బృందాలకు నాలుగు రాళ్లు దక్కేది? నిజమే, కాదనలేం. కానీ పరుగులో ఉన్నవాడి జేబు బండి ఆగినచోటే తెరుచుకుంటుంది, ఎక్కడ ఆపాలో నిర్ణయించేది డ్రైవరు. పైగా పండగకూ పెళ్లికీ ఆడే ఆట భోజనం వేళకు కుదించుకుపోతుంది. రాబడి ఉంది, దాని వెల కూడా ఉంది.

పాఠాంతరం. ‘అరకు వెళ్లొచ్చాం’ అని దిద్దితే వాక్యం టిక్కెట్టుతో సరిపోతుంది. ‘చూసి’ని వదులుకోలేనివారు ‘అంతా’కు బదులు ‘కొంత’ అని చదువుకోవచ్చు. ‘అరకు కొంత’ అన్నప్పుడు పరమైనది హల్లు కనుక ఉత్వసంధికి తావులేదు. గసడదవాదేశం పట్టుకుని ఎవరైనా ‘అరకు గొంత’ అన్నా సరే, అరకు ఉకారం అరకుకే ఉంటుంది.