పేజీ తిరుగుతుంటే కొత్త వంతెన మూసేయండి

భద్రాచలంలో నాకో నెట్ సెంటర్ ఉంది. ఇన్నేళ్లలో ఒక్క రోగానికీ మూలం కనుక్కోలేదు, ఒక్క గిరాకీనీ ఉత్త చేతులతో పంపలేదు. ఆ అనుభవంతో చెబుతున్నాను, రాసుకోండి.

సైటు తెరుచుకోకుండా గుండ్రంగా తిరుగుతుంటే ముందు ఐపీవీ6ని పీకేయాలి. ఇప్పుడు చాలా సైట్లకు రెండేసి అడ్రసులు. పాతది ఐపీవీ4: నాలుగు నంబర్లు, మధ్యలో చుక్కలు, ఫోన్లో చదివి చెప్పొచ్చు. కొత్తదైన ఐపీవీ6లో అంకెలు, అక్షరాలు, కోలన్లు కలిసిపోయి బారుగా ఉంటాయి. నోరు తిరగని అడ్రసును నమ్మేదెలా? పాతవి మొత్తం 430 కోట్లకు మించవట, వాటిలో ఆఖరి కట్టలు 2011 ఫిబ్రవరి 3న పంచేశారట. అయిపోయిన సరుకుకే గదా విలువ!

రెండింట్లో ఏ దారిన పోవాలో బ్రౌజర్‌కి వదిలేయొద్దు. అదేం చేస్తుందో తెలుసా? సారపాక నుంచి గోదావరి దాటి మా ఊరు రావడానికి 1965 నాటి పాత వంతెన ఉంది, దాని పక్కనే కొత్తదీ వచ్చింది. బ్రౌజర్ ముందు కొత్త వంతెన మీద ఒకణ్ణి పంపుతుంది. పావు సెకను చూసి, కబురు రాకపోతే పాత వంతెన మీద ఇంకొకణ్ణి తోలుతుంది. ముందు ఎవడు చేరితే పని వాడిది, రెండోవాడు వెనక్కి. ఈ పద్ధతి పేరు హ్యాపీ ఐబాల్స్. 2012లో ప్రమాణంగా ప్రకటించారు, 2017లో మళ్లీ మెరుగుదిద్దారు. కనుగుడ్లకు సంతోషమట! తీర్పులన్నీ అదే చెప్పేస్తుంటే ఇక్కడ కుర్చీ వేసుకుని నేను కూర్చున్నదెందుకు?

కాబట్టి ఫైర్‌ఫాక్స్‌లో అబౌట్ కాన్ఫిగ్ తెరవండి. హెచ్చరిక వస్తుంది, చదవకుండా ఒప్పుకోండి. డిజేబుల్ ఐపీవీ6 అన్న వరసను ట్రూ చేయండి. అంత ఓపిక లేకపోతే విండోస్‌లో నెట్‌వర్క్ అడాప్టర్ తెరిచి ఐపీవీ6 పక్కనున్న టిక్ తీసేయండి. బ్రౌజర్‌కే కాదు, కంప్యూటర్ మొత్తానికీ పీడ వదులుతుంది.

అదే సైటు మీ ఫోన్లో చక్కగా వస్తోందా? పట్టించుకోకండి. జియో 2016లో వచ్చిన కాడినుంచి ఫోన్లకు కొత్త అడ్రసులు ఇస్తూనే ఉంది, ఆ వాడకంలో మన దేశం ప్రపంచంలోనే ముందు వరసలో ఉంది. అదంతా ఫోను సంగతి. టెస్ట్ ఐపీవీ6 డాట్ కామ్ అని ఒక సైటు మీ కనెక్షన్‌కి పదికి ఇన్నని మార్కులు వేస్తుంది, అటువైపు పోకండి. పరీక్ష చేయించుకుంటేనే గదా జబ్బు బయటపడేది. ఇంకోటి: ఫైర్‌వాల్‌లో ఐసీఎంపీ అన్న మాట ఎక్కడ కనబడినా బంద్ పెట్టండి. అది హ్యాకర్లు తలుపు తట్టే చప్పుడు.

మొన్న ఎటపాక నుంచి ఓ పెద్దాయన వచ్చాడు, మనవరాలి స్కాలర్‌షిప్ ఫారం నింపించడానికి. పేజీ తెరుచుకుంది. పైనున్న గళ్లు నింపాను. ఫొటో ఎక్కించబోతే నీలం గీత సగానికొచ్చి ఆగిపోయింది. మూడుసార్లు చూశాను, మూడుసార్లూ అక్కడే. టిక్ తీసేశాను, సర్రున ఎక్కింది.

"నీ చేతిలో ఏదో ఉందయ్యా," అన్నాడు పెద్దాయన.

సెలవులకొచ్చిన మా అన్న కొడుకు వెనకనుంచి అంతా చూస్తున్నాడు. "బాబాయ్, తప్పు కొత్త అడ్రసుది కాదు. మన లైన్లో 1492 బైట్లు దాటిన ప్యాకెట్ పట్టదు. కంప్యూటరేమో 1500వి పంపుతోంది. ఐపీవీ6లో దారిలో రౌటర్లు ప్యాకెట్‌ను ముక్కలు చేయవు, పెద్దదైంది, తగ్గించి పంపమని వెనక్కి కబురు చేస్తాయి. చిన్న ప్యాకెట్లు పోతున్నాయి కాబట్టి పేజీ వస్తోంది. బ్రౌజర్ కూడా దారి బాగుందనుకుని దాన్నే పట్టుకుంది. పెద్దవి పోయే ఫొటో దగ్గరే చిక్కు."

"మరి ఆ కబురు రాదేం?"

"ఐసీఎంపీలో వస్తుంది బాబాయ్. ఎవరో బంద్ పెట్టారు."

ఎవరో అన్నాడు. మర్యాదస్తుడు. ఆ బంద్ తీసేస్తే చాలట, లేదా కంప్యూటర్లో ప్యాకెట్ సైజు పరిమితి (ఎంటీయూ) 1492 పెట్టుకోవచ్చట. సరేరా అన్నాను. టిక్ మాత్రం పెట్టలేదు.

ఇంతలో ఫారం ఇంకో లొల్లి పెట్టింది. పిన్ కొట్టగానే రాష్ట్రం గడిలో తెలంగాణ అని దానంతటదే పడింది. పెద్దాయన వాళ్ల ఊరు 1959 దాకా తూర్పుగోదావరిలో, తర్వాత ఖమ్మంలో ఉంది. 2014లో పోలవరం ముంపు పేరుతో ఆంధ్రకు పోయి మళ్లీ తూర్పుగోదావరిలో పడింది, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా అయింది. ఇల్లు అంగుళం కదల్లేదు. పిన్ కూడా ఖమ్మం నాటి 507తోనే మొదలవుతుంది.

ఇక్కడా నా సలహా ఒకటే: ఫారం ఏ రాష్ట్రాన్ని ఒప్పుకుంటే అదే మీ రాష్ట్రం.

పెద్దాయన చొక్కా లోపల్నుంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. ఖమ్మం జిల్లా అని ఉన్న పాత రేషన్ కార్డు, దాని కింద కొత్త జిల్లా పేరుతో సర్టిఫికెట్.

"ముందు కొత్తది పెట్టి చూడు బాబూ. వద్దంటే పాతది పెడదాం."

ఒకటి చాలదా పెద్దయ్యా, రెండూ మోసుకు తిరగడం దేనికి, పాతది ఉంచుకుని కొత్తది పారేయరాదూ అన్నాను. ఆయన నా మొహంకేసి ఓసారి చూసి, రెండు కాగితాలూ తన వైపుకు లాక్కున్నాడు.