సింగ్‌నగర్ ఫొటో

2024 సెప్టెంబరు మొదటి వారం. బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ మునిగిపోయింది. అటు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటింది. మేడల మీద చిక్కుకుపోయినవాళ్ళకి పడవల్లో, హెలికాప్టర్లలో, చివరికి డ్రోన్లతో కూడా అన్నం పొట్లాలు పంపిస్తున్న రోజులవి.

నాకు తెలిసిన ఫొటోగ్రాఫర్ ఒకతను, కుర్రాళ్ళు పాల ప్యాకెట్లు పంచడానికి వెళ్తున్న పడవ ఎక్కాడు. మంచి పనిమంతుడు. ఒక వీధి మలుపులో, రెండో అంతస్తు పిట్టగోడ మీదుగా ముందుకి వంగి ఒక మామ్మగారు కనిపించారు. తడిసిన తెల్లజుట్టు, పడవ వంకే చూస్తున్న కళ్ళు. కెమెరా ఎత్తాడు.

కదిలేది మనమైనా, ఎదుటివాళ్ళైనా కెమెరాకి ఒకటే. దూరం మారిపోతూ ఉంటుంది. మనిషి ఎంత వేగంగా దగ్గరవుతున్నదీ లెక్కగట్టి, షటర్ తెరుచుకునే క్షణానికి ఎక్కడుంటారో ఊహించి ఆటోఫోకస్ లెన్సుని జరుపుతుంది. రోడ్డు మీద తిన్నగా వచ్చే బండికి ఆ లెక్క సరిపోతుంది. లేచి పడే పడవకి సరిపోదు. పైగా 200 ఎం.ఎం. లెన్సు, ఎపర్చర్ 2.8. పది మీటర్ల దూరాన స్పష్టంగా పడేది రెండు జానల మందమే. కరెంటు తీగ అడ్డొస్తే ఫోకస్ తీగ మీదికి దూకింది, చినుకులు పడితే చినుకుల మీదికి. మొహం మాత్రం మసక.

"ఒక్కసారి వెనక్కి తిప్పండిరా" అన్నాడు. తిప్పారు. మళ్ళీ తప్పింది. మళ్ళీ తిప్పించాడు. నీళ్ళకింద ఉన్న ఆటోలు, బైకులు తగలకుండా గెడ వేస్తున్న కుర్రాళ్ళకి తలెత్తి చూసే వీల్లేదు. ఆఖరికి ఫోకస్ పాయింటు ఒక్కటే ఉంచుకుని, దాన్ని ఆవిడ కంటి మీద నిలిపి, వరసగా కొట్టాడు. ఒకటి కుదిరింది. రెప్ప మీది నీటిచుక్కతో సహా పడింది. పడవ అవతలి వీధికి వెళ్ళిపోయింది.

ఆ ఫొటోకి చాలా పేరొచ్చింది. ఒక పోటీలో బహుమతి కూడా. నిజంగా గొప్ప ఫొటో, ఆ మాట నేనూ అంటాను.

దసరా వెళ్ళాక ఫ్రేము కట్టించి, ఆవిడకే ఇద్దామని బయల్దేరాడు. నేనూ వెంట వెళ్ళాను. మామ్మగారు కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. ఫొటోలో ఆవిడ పిడికిట్లో తాడు ఉంది. ఆ తాడు వెంబడే వేలు కిందికి జరుపుతూ, ఫ్రేము అంచు దగ్గర ఆగారు.

"బకెట్టేది బాబూ?"

అతను మాట్లాడలేదు.

"మీ పడవ వచ్చినప్పుడల్లా కిందికి వదిలాను కదా. మా ఆయనకి పాలు వేస్తారేమోనని. మీరు వెళ్ళిపోయాక పైకి లాక్కునేదాన్ని."

అడుగున ఎర్రగా, మసకగా ఏదో అడ్డొచ్చిందని ఆ కాస్త భాగం కత్తిరించేసింది అతనే.