పెట్టెల బాబాయి

బాబ్ డిలన్ పాటలు వినేవాళ్లు వేరు, కొనేవాళ్లు వేరు. వినేవాళ్లతో లోకానికి పేచీ లేదు. ఏదో సాయంత్రంపూట రెండు పాటలు పెట్టుకుని, ఆ ముక్కుగొంతుకి కాస్త అలవాటుపడి, తర్వాత వాళ్ల పనుల్లో వాళ్లు పడతారు. నేను చెప్పబోయేది కొనేవాళ్ల సంగతి. వాళ్లలో అగ్రగణ్యుడు పెట్టెల బాబాయి.

ఈయన ఒక మనిషి కాదు, ఒక జాతి. న్యూజెర్సీలో ఉన్నారు, డాలస్‌లో ఉన్నారు, హైదరాబాదులోనూ ఒకరిద్దరు తగులుతారు. చదువుకోడానికి అమెరికాలో దిగిన కొత్తలో పక్కగది కుర్రాడు పెట్టిన రికార్డు గోడ అవతలి నుంచి చెవిన పడింది. ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా ఆ గొంతు పట్టుకుంది, ఇక వదల్లేదు. ఉద్యోగం, గ్రీన్‌కార్డు, ఇల్లు, పిల్లలు, మోకాళ్ల నొప్పులు అన్నీ ఆ తర్వాత వచ్చినవే.

ఆయన్ని గుర్తుపట్టడం తేలిక. మీరు మాటవరసకి "నాకూ డిలన్ అంటే ఇష్టమేనండీ" అన్నారనుకోండి. మామూలు మనిషైతే "ఏ పాట?" అంటాడు. బాబాయి "మోనోనా, స్టీరియోనా?" అంటారు. మీరు తడబడి ఏదో ఒకటి అనేలోపు ఆయనే తీర్పు చెప్పేస్తారు. మొదటి ఎనిమిది ఆల్బమ్‌లూ మోనోలోనే వినాలిట. అందుకేట 2010లో ఆ ఎనిమిదింటినీ మోనోలో పెట్టెకట్టి మరీ అమ్మారు. బాబాయి దగ్గర ఆ ఎనిమిదీ అంతకుముందే ఉన్నాయి. అయినా కొన్నారు. ఎందుకు బాబాయ్ అంటే "పెట్టె లేదుగా" అన్నారు.

సంకలనాలంటే మాత్రం ఆయనకి మహా చులకన. "గ్రేటెస్ట్ హిట్సా? అవి చంటిపిల్లల కోసంరా అబ్బాయ్" అంటారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. 1966 జూలైలో డిలన్ వుడ్‌స్టాక్ దగ్గర మోటారు సైకిలు మీంచి పడ్డాడు. కొత్త రికార్డు ఎప్పుడొస్తుందో తెలీదు. కొలంబియా కంపెనీవాళ్లు ఊరుకుంటారా? 1967 మార్చిలో పాత పాటలు పది ఏరి ఒక రికార్డుగా వదిలారు. అదే మొదటి 'గ్రేటెస్ట్ హిట్స్'. దాంతోపాటు మిల్టన్ గ్లేజర్ వేసిన పోస్టరు మడిచి పెట్టారు. ముఖం నల్లటి నీడ, జుట్టంతా రంగురంగుల మెలికలు. ఆ తరం కుర్రాళ్లు ఆ పోస్టరు హాస్టలు గోడలకి అంటించేసుకున్నారు. అంటించినవాడు అమాయకుడు. బాబాయి అంటించలేదు. మడత విప్పితే విలువ పోతుందని ఇప్పటికీ విప్పలేదు. చంటిపిల్లల రికార్డే అయినా పోస్టరున్న ప్రతి ఒకటి, పోస్టరు లేని ప్రతి ఒకటి ఆయన దగ్గర ఉన్నాయి. లేనిది వినడానికిట. హాలు గోడ మీద మాత్రం పిన్ని తగిలించిన వెంకటేశ్వరస్వామి క్యాలెండరు ఉంటుంది.

అసలు ఆయన్ని ముంచింది రెండో భాగం. 1971 నవంబరులో రెండు రికార్డులుగా వచ్చింది. పేరు గ్రేటెస్ట్ హిట్సే గానీ అందులో కొన్ని పాటలు హిట్లు కాదు సరికదా, అంతవరకూ జనం డిలన్ గొంతులో విననైనా లేదు. హ్యాపీ ట్రామ్ అనే స్నేహితుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని డిలన్ కొన్ని పాటలు కొత్తగా రికార్డు చేసి మరీ ఇందులో చేర్చాడు. అట్ట మీద బొమ్మ ఆ ఏడాది ఆగస్టులో న్యూయార్కులో జార్జ్ హారిసన్, రవిశంకర్ కలిసి బంగ్లాదేశ్ కోసం పెట్టిన కచేరీలోది. అన్నీ ఉన్నవాడి చేత కూడా ఎలా కొనిపించాలో రికార్డు కంపెనీలు ఇలాంటివాటితోనే నేర్చుకున్నాయి. ఇరవై పాటలు నీ దగ్గర ఉన్నవే నాయనా, కానీ ఈ ఒక్కటీ నీ దగ్గర లేదు కదా! ఆ ఒక్కదాని కోసం బాబాయి మిగతా ఇరవై మళ్లీ కొంటారు. సంకలనం కొత్తవాడి కోసం తయారవుతుందని అందరూ అనుకుంటారు. దాని మీద నమ్మకంగా డబ్బు పెట్టేది మాత్రం అందులో ఉన్నదంతా కంఠతా వచ్చినవాడే.

ఈ విద్య పరాకాష్ఠకి చేరింది 1985లో, 'బయోగ్రాఫ్' అనే పెట్టెతో. అయిదు ఎల్పీలు, యాభై మూడు పాటలు. అందులో దాదాపు మూడోవంతు అంతకుముందు బయటికి రానివి. సినిమా దర్శకుడిగా తర్వాత పేరు తెచ్చుకున్న కామెరన్ క్రో డిలన్‌ని పలకరించి రాసిన పుస్తకం కూడా లోపల ఉంటుంది. అంతకుముందూ పెట్టెలు లేవని కాదు. నీల్ యంగ్ 1977లోనే పదేళ్ల పాటల్ని మూడు రికార్డుల్లో కూర్చి, 'డెకేడ్' అని పేరుపెట్టి, ఒక్కో పాట కిందా తన చేతిరాతతో కబుర్లు రాసుకున్నాడు. ముచ్చటైన పని. కానీ బతికున్న గాయకుడికి పెట్టెకట్టడాన్ని పెద్ద వ్యాపారంగా నిలబెట్టిన వాటిలో బయోగ్రాఫ్‌దే పెద్దపీట.

బాబాయి దాన్ని ఇంటికి తెచ్చి, మూత తీసి, పాటల వరస చూసి నిర్ఘాంతపోయారు. మొదటి పాట 1969ది. రెండోది 1961లో రికార్డు చేసింది. మూడోది 1970ది. "ఇదేం వరసరా? కాలక్రమం తెలియని మనిషెవడో చేసినట్టున్నాడు" అని వారం రోజులు అన్నం సహించలేదు. ఆఖరికి ఒక శనివారం తలుపేసుకుని, యాభై మూడు పాటల్నీ తేదీల వారీగా క్యాసెట్ల మీదకి ఎక్కించి, వాటి మీద అచ్చు అక్షరాల్లాంటి అక్షరాలతో సంవత్సరాలు రాసి, కంపెనీ చేసిన తప్పు దిద్దానని తృప్తిపడ్డారు.

ఇక్కడ ఒక చిన్న ఘట్టం చెప్పాలి. ఆయన క్యాసెట్లు చేసుకునే ముందు, ఆ పెట్టె కంపెనీ వరసలో ఒకే ఒక్కసారి మోగింది. వంటింట్లో పోపు వేస్తున్న పిన్ని మొదటి పాట విన్నది, రెండోది విన్నది. గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చి "ఏవండీ, ఇందులో పాడేది ఇద్దరా?" అని అడిగింది.

ఆ పెట్టె మీద నేను చదివిన విమర్శలన్నిటిలోకీ ఈ ఒక్క ప్రశ్నే ఘనమైనది. మొదటి పాటలో డిలన్‌ది మెత్తగా, గుండ్రంగా, నాష్‌విల్ పాటగాళ్లలా జారే గొంతు. రెండోదాంట్లో ఇరవయ్యేళ్ల కుర్రాడు ముసలివాడి గొంతు అరువు తెచ్చుకుని గరగరలాడిస్తాడు. కాలక్రమంలో వింటే ఈ మార్పు ఎనిమిదేళ్లలో మెల్లిగా జరుగుతుంది, మన చెవి దానికి సర్దుకుపోతుంది. పక్కపక్కన పెడితే ఉలిక్కిపడతాం. తేదీల వారీగా పేర్చిన సంకలనం ఉద్యోగానికి పెట్టే దరఖాస్తులాగా ఉంటుంది: ఫలానా ఏట ఇది చేశాను, ఫలానా ఏట అది. బయోగ్రాఫ్‌లో ఆ వరస లేదు గనకే, వేషం మార్చినప్పుడల్లా జనం చేత తిట్లు తిన్న ఒక మనిషి లోపల మారనిదేదో వినిపిస్తుంది. యాభై మూడు పాటలయ్యాక కూడా అదేమిటో తేలదనుకోండి, అది వేరే విషయం.

బాబాయికి ఇవేవీ పట్టలేదు. పిన్ని అడిగిన పాపానికి గంటసేపు ఉపన్యాసం ఇచ్చారు. సిగరెట్లు మానేయడం వల్లే 1969లో తన గొంతు అలా మారిందని డిలనే చెప్పుకున్నాడని ముక్తాయించారు. పిన్ని ఓపిగ్గా విని, "మరి తర్వాత రికార్డుల్లో మళ్లీ పాతలాగే ఉందేం? మళ్లీ మొదలుపెట్టాడా?" అంది. ఆ ప్రశ్నకి ఈనాటిదాకా జవాబు రాలేదు.

ఆ తర్వాత బాబాయి దారి అంతా పల్లమే. 1991 నుంచి 'బూట్‌లెగ్ సిరీస్' పేరుతో, దొంగ రికార్డుల వాళ్లు అమ్ముకునే సరుకుని కంపెనీయే అమ్మడం మొదలెట్టింది. 1983 నాటి ఆల్బమ్‌లోంచి తీసి పక్కన పడేసిన 'బ్లైండ్ విల్లీ మెక్‌టెల్' లాంటి రత్నం అందులోనే బయటపడింది. ఆ ఒక్క పాటకే డబ్బు చెల్లిపోయిందంటే నేనూ ఒప్పుకుంటాను. 2015లో వచ్చినదానికి మాత్రం సాక్ష్యం చెప్పలేను. పద్దెనిమిది సీడీలు, అయిదువేల ప్రతులు మాత్రమే, ధర దాదాపు ఆరువందల డాలర్లు. 1965, 66 సంవత్సరాల్లో స్టూడియోలో డిలన్ పాడినవీ, సగంలో ఆపేసినవీ, దగ్గినవీ అన్నీ అందులో ఉన్నాయి. దాన్ని బాబాయి ఆఫీసు చిరునామాకి తెప్పించుకుని, కారు డిక్కీలో చాలాకాలం ఉంచి, పిన్ని ఇండియా వెళ్లిన రోజున ఇంట్లోకి చేర్చారు.

అందులో ఒక సీడీ మొత్తం ఒక్క పాటే. 'లైక్ ఎ రోలింగ్ స్టోన్'. 1965 జూన్ 15, 16 తేదీల్లో జరిగిన రికార్డింగ్. మొదటిరోజు పాట వాల్ట్జ్ నడకలో కుంటుతూ ఉంటుంది. రెండోరోజు గిటారు వాయిద్దామని వచ్చిన ఆల్ కూపర్, అక్కడ తనకన్నా మొనగాడు కూర్చునుండటం చూసి, అంతగా రాని ఆర్గన్ ముందు చేరి, మిగతావాళ్లు స్వరం మార్చాక ఒక క్షణం ఆలస్యంగా తానూ మారుస్తూ నెట్టుకొచ్చాడు. ఆరోజే నాలుగో ప్రయత్నంలో పాట కుదిరింది. లోకం విన్నది అదే. కానీ కుదిరిందని వాళ్లకి తెలియలేదు పాపం, ఇంకో పదకొండు సార్లు ప్రయత్నించారు. బాబాయి శ్రద్ధగా వినేది ఆ పదకొండే. నాలుగోది అందరూ విన్నదేగా అంటారు.

మరుసటేడు ముప్పై ఆరు సీడీల పెట్టె వచ్చింది. 1966 పర్యటనలో దొరికిన ప్రతి కచేరీ. దాదాపు అవే పాటలు ఊరూరా.

"ఒకే పాటలు ఇన్నిసార్లా?" అంది పిన్ని.

"లివర్‌పూల్ వేరు, షెఫీల్డ్ వేరు" అన్నారు బాబాయి.

"పాతిక రకాల ఆవకాయ జాడీలు అటక మీద పెట్టుకుని పెరుగన్నం తినే మనిషి మీ బాబాయి" అని పిన్ని నాతో అంది.

ఆయన జీవితంలో తీరని వెలితి ఒకటుంది. యూరప్ చట్టం ప్రకారం, రికార్డు చేసి యాభై ఏళ్లలోపు విడుదల చేయకపోతే కంపెనీకి ఆ రికార్డింగు మీద హక్కు పోతుంది. విడుదల చేస్తే డెబ్భై ఏళ్లదాకా ఉంటుంది. అందుకని 2012లో సోనీవాళ్లు 1962 నాటి సరుకంతా ఒక పెట్టెలో పోసి, వంద ప్రతులో ఎన్నో వేసి, యూరప్‌లో ఏవో కొద్ది దుకాణాల్లో పెట్టి చేతులు దులుపుకున్నారు. అది 'కాపీరైట్ పొడిగింపు సంకలనం' అని దాచుకోకుండా అట్ట మీదే అచ్చేశారు. జనం వినడానికి కాదు, వకీళ్లు చూడటానికి తయారైన రికార్డు అది. అందులోని పాటలన్నీ బాబాయికి వేరే దారుల్లో చేరాయి. అయినా ఆ పెట్టె మాట ఎత్తితే ఆయన కళ్లు చెమరుస్తాయి.

తెలుగు సంఘం సంక్రాంతి విందులో ఆయన పక్కన కూర్చోకుండా జాగ్రత్తపడటం అందరికీ అలవాటే. ఒకసారి కొత్తగా వచ్చిన కుర్రాడొకడు చిక్కాడు. "డిలన్ 1967 ఆల్బమ్ అట్ట మీద మనవాళ్లున్నారు తెలుసా?" అన్నారు బాబాయి. కుర్రాడు మొహం వెలిగి "తెలుగువాళ్లా అండీ?" అన్నాడు. "కాదు, బెంగాల్ బౌల్ గాయకులు. పూర్ణదాస్, లక్ష్మణ్‌దాస్." కుర్రాడు గారెల కోసం లేచాడు.

2016లో నోబెల్ సాహిత్య బహుమతి వచ్చినప్పుడు మాత్రం ఫోన్లు బాబాయికే వచ్చాయి. సినిమా పాట కవిత్వం అవునా కాదా అని మనవాళ్లు ఏనాటి నుంచో పడుతున్న తగువు ఆయన హాల్లో మళ్లీ పెట్టుకున్నారు. డిలన్ డిసెంబరులో బహుమతి ఉత్సవానికి వెళ్లలేదు, ప్యాటీ స్మిత్ వెళ్లి పాడింది. బాబాయి అభినందనలన్నీ డిలన్ తరఫున తానే స్వీకరించారు.

ఇంతకీ ఆయన ఏం వింటారని మీరు అడగొచ్చు. ఇంట్లో వినరు, ఇంట్లో పెట్టెలు సర్దుతారు. మొన్న ఆయన కారులో వెళ్తుంటే ఫోన్లోంచి పాటలు వరసగా వస్తున్నాయి. ఒక్కొక్కటే లెక్కపెడితే ఆ పదీ 1967 నాటి చంటిపిల్లల రికార్డులోవే, అదే వరసలో. నేను ఆయన వంక చూశాను. ఆయన రోడ్డు వంక చూశారు.

కొత్తగా డిలన్ వినాలనుకునేవాళ్లకి నేను చెప్పేదొకటే. ఆ పది పాటలతో మొదలుపెట్టండి. గొంతు పడితే బయోగ్రాఫ్ తీసుకుని, వాళ్లు పెట్టిన వరసలోనే, పక్కన ఎవరూ వివరించకుండా వినండి. అక్కడితో ఆగిపోయినా ఏమీ నష్టం లేదు. వాటికోసం బాబాయి ఇంటికి మాత్రం వెళ్లకండి. ఆయన దగ్గర రెండూ రెండేసి ఉన్నాయి, అరువివ్వరు.