జీతమడగని కోచ్

మన ఊళ్లలో పిల్లలకు ఆటలు నేర్పే కోచ్‌లు లేరని బాధపడేవాళ్లు మే నెలలో ఓసారి స్కూలు గ్రౌండుకు వెళ్లి తలెత్తి చూడండి. పైన ఒకాయన ఉంటాడు. జీతమడగడు, సెలవు పెట్టడు, బదిలీకి సిఫార్సు చేయించుకోడు. రెంటచింతలైనా, రామగుండమైనా ఆయన హాజరు తప్పదు. వేసవి శిక్షణ శిబిరాలన్నీ సరిగ్గా ఆయన ఉగ్రరూపంలో ఉన్నప్పుడే పెట్టడం ఆ గౌరవంతోనే కాబోలు.

శిబిరం ఉదయం ఆరింటికని కరపత్రంలో వేస్తారు. ప్రారంభోత్సవం నాడు మాత్రం ముఖ్య అతిథి వచ్చాకే ఆరవుతుంది. వారు పదకొండింటికి వస్తారు. అందాకా పిల్లలు వరసల్లో అటెన్షన్. షామియానా కింద కూలర్, దాని ముందు పెద్దలు, ఒక్కొక్కరి ముందు మూత తీయని నీళ్ల సీసా. ఆటలతో ఆరోగ్యం ఎలా వస్తుందో అతిథిగారు గుక్క తిప్పుకోకుండా వివరిస్తుండగా, మూడో వరసలో కబడ్డీ పిల్లాడు కళ్లు తిరిగి కూలబడతాడు. "పొద్దున టిఫిన్ తినలేదురా?" అని పీఈటీ సారు గద్దిస్తాడు. ఎండ మీద కేసు ఎప్పుడూ పడదు, నేరమంతా తినని ఇడ్లీదే!

ఇక నీళ్ల సిద్ధాంతం. ఆట మధ్యలో తాగితే కడుపు పట్టేస్తుందనీ, దాహం ఓర్చుకుంటేనే ఒళ్లు గట్టిపడుతుందనీ సార్లకు వాళ్ల సార్లు చెప్పారు. 50 కిలోల పిల్లాడు చెమటలో ఒక్క కిలో పోగొట్టుకున్నా ఆట మందగిస్తుంది. నీళ్లు ఆపడమంటే కప్పును ఎదుటి జట్టుకు తాంబూలంలో పెట్టి ఇవ్వడమే. తరగతి గదుల్లో నీళ్ల గంట కొట్టడం 2019లో కేరళ మొదలుపెడితే మన దగ్గరికీ వచ్చింది. ఫ్యాను కింద కూర్చున్నవాడికి గంట, ఎండలో పరిగెత్తేవాడికి విజిల్!

దయగల నిర్వాహకులూ లేకపోలేదు, రంగునీళ్ల డబ్బాలు పంచుతారు. డబ్బా మీద ఓఆర్‌ఎస్ అని కనిపిస్తే అదే మందనుకున్నాం. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడొద్దని తీపి పానీయాల కంపెనీలకు చెప్పింది. అసలు ఓఆర్‌ఎస్ లీటరు నీళ్లలో కలుపుకునే పొడి. అదీ లేకపోతే ఉప్పేసిన మజ్జిగ ఉండనే ఉంది. దాన్ని పోయడానికి ఫ్లెక్సీ కట్టక్కర్లేదు.

వెటకారం పక్కన పెడదాం. సాధన పొద్దెక్కకముందే ముగించాలి, మళ్లీ సాయంత్రమే. ఎండ ఒంటికి అలవాటవడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది కాబట్టి మొదటిరోజే పది రౌండ్లు కొట్టించకూడదు. అడగకముందే పావుగంటకోసారి నీళ్లివ్వాలి. ఆడుతున్న పిల్లాడి మాట తడబడినా, అడిగినదానికి పొంతన లేని జవాబు చెప్పినా వడదెబ్బగానే లెక్క. లోపలి వేడి 40 డిగ్రీలు దాటి ఉండొచ్చు. 108కి ఫోన్ చేసి, బండి వచ్చేలోగా తల పట్టుకుని చన్నీళ్ల తొట్టిలో మెడదాకా ఉంచాలి. తొట్టి లేకుంటే ఒళ్లంతా తడిపి విసరాలి. స్పృహ లేనివాడి నోట్లో మాత్రం నీళ్లు పోయకూడదు.

నిర్వాహకులకు ఒక్క మనవి. మే నెలలో ముఖ్య అతిథికి శాలువా ఎందుకండీ? ఈసారి ఆ డబ్బుతో తొట్టి, మంచుగడ్డలు కొనండి.