నడక అద్దెకు ఇవ్వబడును

రాత్రికి 14 వేలు. గది అద్దె 7,500 దాటింది కాబట్టి దాని మీద 18 శాతం జీఎస్టీ. ఇంత డబ్బుకు ఏమిస్తారట అని మా తోడల్లుణ్ణి అడిగాను. "నడవొచ్చన్నయ్యా!" అన్నాడు.

ఆయన ఆనందం నాకు అర్థమైంది. జూబ్లీహిల్స్‌లో ఇల్లున్నవాడు. కాళ్లున్నాయి గానీ అవి ఆనేందుకు నేల లేదు. పొద్దున్నే బూట్లు బిగించి కారెక్కుతాడు. కేబీఆర్ పార్కు గేటు దగ్గర పార్కింగు కోసం ఇంకో బూట్ల ఆసామీతో వాదులాడి, ఆ వేడి చల్లారక ముందే లోపల గబగబా నడిచి, మళ్లీ కారెక్కి ఇంటికొస్తాడు. వీధి చివర మందుల షాపుకైనా కారే. అలాంటి మనిషికి పుదుచ్చేరి వైట్ టౌన్‌లో ఒక ఆర్ట్ హోటల్ దొరికింది. గదిగదికీ బొమ్మలు, గేటు దాటితే సముద్రం, ఎటు పోవాలన్నా కాలినడకే. మమ్మల్నీ రమ్మన్నాడు. ఊళ్లో ఒంటరిగా ఉంటున్న అత్తగారినీ బయల్దేరదీశాడు.

"అంతా వాకబులే అత్తయ్యా!"

"ఎవరి గురించి నాయనా వాకబు?" అందావిడ.

వైట్ టౌన్ మాత్రం నిజంగా నడవదగ్గ చోటే. ఆ మంచిమాట దాచను. 1693లో డచ్చివాళ్లు ఆ ఊరిని ఫ్రెంచివాళ్ల దగ్గర లాక్కుని ఆరేళ్లు ఏలుకున్నారు. ఆ కాస్త వ్యవధిలోనే గళ్ల నుడికట్టులా తిన్నగా వీధుల ప్లాను గీశారంటారు. తిరిగొచ్చిన ఫ్రెంచివాళ్లు దాన్ని చింపి పారెయ్యకుండా దాని మీదే ఊరు కట్టుకున్నారు. పాత సర్కారు గీసిన ప్లానును కొత్త సర్కారు ఉంచెయ్యడం మనకు నమ్మశక్యం కాదుగానీ అలా జరిగింది. సముద్రం పక్కన గూబెర్ అవెన్యూ మీద సాయంత్రం ఆరు నుంచి మర్నాడు పొద్దున ఏడున్నర దాకా బండ్లను రానివ్వరు. ఎర్రటోపీ పోలీసు అడ్డంగా నిలబడతాడు. గాంధీగారి విగ్రహం చుట్టూ పిల్లలు పరిగెడుతుంటారు, ముసలివాళ్లు రాళ్ల కట్ట మీద కూర్చుని పల్లీలు తింటుంటారు. ఇసుక గురించి మాత్రం అడక్కండి. 1980లలో హార్బరు కోసం సముద్రంలోకి గోడలు కట్టారు, ఒడ్డు వెంబడి సాగే ఇసుక అక్కడే ఆగిపోయింది, ఊరి ముందున్న బీచ్ కోసుకుపోయింది. మొన్నమొన్న నీళ్లలో ఒక కృత్రిమ దిబ్బ కట్టి కొంత వెనక్కి తెచ్చుకున్నారు. హోటల్ బ్రోచర్లో ఇవేవీ లేవు, బీచ్ ఒక్కటే ఉంది.

ఇక హోటలు. ఆవపిండి రంగు గోడ, దాని మీద పాకిన కాగితంపూల తీగ, లోపల మధ్యలో ఆకాశం కనిపించే వాకిలి. వాకిట్లో మా అత్తగారి కాళ్లు ఆగిపోయాయి. ఎదురుగా రుబ్బురోలు. అందులో నీళ్లు, నీళ్లలో గులాబీ రేకులు. పక్కన పెద్ద భోషాణం, దాని మీద కాఫీ కప్పులు. గోడకు ఒక తలుపు బిగించి ఉంది. తలుపంటే తెరుచుకునేది కాదు, బొమ్మలాగా వేలాడదీసింది. కింద చిన్న అట్టముక్క మీద 'అనుమతి' అని పేరు, ధర తెలుసుకోవాలంటే ఫోనుతో స్కాన్ చెయ్యడానికి నలుపు తెలుపు చతురస్రం.

"మా పుట్టింటి భోషాణం ఇంతకంటే పెద్దది. పాతసామాన్లవాడికిచ్చి రెండు స్టీలు బిందెలు తీసుకున్నాం" అంది అత్తగారు.

"అయ్యో అత్తయ్యా!" అన్నాడు మావాడు, తన సొంత ఆస్తి పోయినట్టు.

అవి ఎక్కణ్ణుంచి వస్తాయో అందరికీ తెలిసిందే. చెట్టినాడులో వందేళ్ల కిందట వర్తకులు బర్మా టేకుతో కట్టుకున్న మహళ్లకు ఇప్పుడు వారసులు ఎక్కువ, కాపురముండేవాళ్లు తక్కువ. పంపకాలు తెగవు. చివరికి ఇల్లు ఊడదీస్తారు. స్తంభం ఒకరికి, ద్వారబంధం ఒకరికి, దీపపు సెమ్మె ఇంకొకరికి. కారైక్కుడిలో వీధి పొడుగునా పాతసామాన్ల కొట్లే. ఒక కుటుంబం మొత్తం కొట్లాడుకున్న గుమ్మం అక్కణ్ణుంచి లారీ ఎక్కి, నూనె పూయించుకుని, ఇలా హోటల్ గోడ మీద 'అనుమతి' అయి కూర్చుంటుంది. ఆ గుమ్మంలోంచి ఎవరెవరిని లోపలికి రానిచ్చేవాళ్లు, ఎవరెవరిని బయటే నిలబెట్టేవాళ్లు అన్న సంగతి అట్టముక్క మీద రాయలేదు.

మేడమీద ఆధునిక కళ. మా గదిలో మంచానికి పైన పెద్ద కాన్వాసు, మొత్తం బూడిద రంగు, ఒక మూల ఎర్రచుక్క. దాని పక్కన, శూన్యంతో చిత్రకారుడి సుదీర్ఘ సంభాషణ అని వివరణ. సంభాషణలో చిత్రకారుడు పెద్దగా మాట్లాడినట్టు లేదు. వరండాలో ఒక కుర్చీ, దాని చుట్టూ తాడు. మోకాళ్లనొప్పుల మనిషి కదా, అత్తగారు తాడు దాటి హాయిగా కూర్చుంది. పనికుర్రాడు పరుగున వచ్చాడు.

"అమ్మమ్మగారండీ, అది కూర్చునే కుర్చీ కాదండి."

"కూర్చోడానికి కాకపోతే కుర్చీ ఎందుకు నాయనా?"

"చూట్టానికండి."

తెలుగు వినగానే ఆవిడ మొహం విప్పారింది. మాట యాస చూసి ఆరా తీస్తే వాడిది యానాం. యానాం కూడా ఒకప్పుడు ఫ్రెంచివాళ్లదే, ఇప్పుడు పుదుచ్చేరిలో భాగమే. మధ్యలో ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా ఆంధ్రా, తమిళనాడు. "మీ ఊళ్లోనూ ఫ్రెంచివాళ్ల ఇళ్లున్నాయిగా, ఇలాంటి హోటళ్లు పెట్టలేదా?" అని మావాడు అడిగాడు. "మాకు ఈఫిల్ టవర్ కట్టారండి" అన్నాడు కుర్రాడు. నిజమే, గోదారి ఒడ్డున ఆ నమూనాలో పెద్ద టవరే ఉంది.

బొమ్మలకూ బసకూ సంబంధం కొత్తదేమీ కాదు. దక్షిణ ఫ్రాన్సులో సెయింట్ పాల్ ద వాన్స్ అనే కొండ ఊళ్లో కొలోంబ్ దోర్ అని ఒక సత్రం ఉంది. పికాసో, మటీస్ లాంటివాళ్లు అక్కడికి వచ్చేవాళ్లు. చేతిలో చిల్లర లేని చిత్రకారుల దగ్గర భోజనానికీ బసకూ బదులు బొమ్మలు పుచ్చుకునేవాడట దాని యజమాని పాల్ రూ. ఆ బొమ్మలు ఇప్పటికీ భోజనాల గది గోడల మీదే ఉన్నాయి. ఆ రోజుల్లో బొమ్మ ఇస్తే గది ఇచ్చేవాళ్లు, ఇప్పుడు బొమ్మ ఉందని గది అద్దె పెంచుతున్నారు. ఈ చరిత్ర అంతా చెప్పి, బిల్లుకు బదులు ఒక కాలమ్ రాసిస్తానని కౌంటరు దగ్గర అన్నాను. కార్డా, యూపీఐనా అని అడిగారు.

సాయంత్రం నడక మొదలైంది. ర్యూ ద్యుమా, ర్యూ రొమే రొలా, వీధి పేరు కనిపించిన ప్రతి మూలా ఒక ఫొటో. "చూశావా అన్నయ్యా, ఫుట్‌పాత్ మీద ఒక్కడంటే ఒక్కడు ఏమీ పెట్టలేదు! అదీ డిసిప్లినంటే" అన్నాడు మావాడు. ఆయన వీధికీ ఫుట్‌పాత్ ఉంది. మున్సిపాలిటీ కాగితాల్లో వెడల్పుతో సహా ఉంది. నేలమీదికొచ్చేసరికి మొదటింటి ముందు అది కారెక్కే ర్యాంపు, రెండో ఇంటి ముందు ఇనుపకంచె వేసిన పూలతోట, మూడో ఇంటి ముందు వాచ్‌మన్ గది, నాలుగో ఇంటి ముందు జనరేటరు. నాలుగో ఇల్లు మావాడిదే. గుర్తుచేద్దామనుకున్నాను. గది అద్దె కట్టింది ఆయన కదా, ఊరుకున్నాను.

హోటలువాళ్లు చేతికిచ్చిన మ్యాపులో ఊరు కాలువ దగ్గర అయిపోతుంది. ఆ కాలువ ఇటు తెల్లవాళ్ల పట్నానికీ అటు నల్లవాళ్ల పట్నానికీ ఫ్రెంచివాళ్లు పెట్టుకున్న సరిహద్దు. ఫ్రెంచివాళ్లు 1954లో పాలన అప్పగించారు, మ్యాపు వేసినవాడికి ఇంకా కబురు అందలేదు. మా అత్తగారు మ్యాపు చూడదు కాబట్టి కాలువ దాటింది. గూబెర్ మార్కెట్లో కనకాంబరాలు బేరమాడింది. అక్కడా అందరూ నడుస్తూనే ఉన్నారు, స్కూటర్ల మధ్య, బుట్టల మధ్య, ఒకళ్లనొకళ్లు తోసుకుంటూ. పాత తమిళ ఇళ్ల ముందు స్తంభాల అరుగులున్నాయి, తాళ్లు కట్టలేదు, ముసలివాళ్లు నిజంగానే కూర్చున్నారు. మన యానాం కుర్రాడి గది అటువైపే. రోజూ నడిచే వస్తాడట. "వాకింగ్ మంచిదే" అన్నాడు మావాడు. "బండి లేదండి" అన్నాడు వాడు.

మర్నాడు ఆయి మండపం చూశాం. కృష్ణదేవరాయలు ఆ దారిన పోతూ, దీపాలు వెలుగుతున్న ఒక భవనాన్ని గుడి అనుకుని దణ్ణం పెట్టాడనీ, అది ఆయి అనే వేశ్య ఇల్లని తెలిసి కూల్చమన్నాడనీ, ఆవిడే కూల్చేసి ఆ చోట చెరువు తవ్వించిందనీ అక్కడ చెప్పుకుంటారు. తర్వాత మూడో నెపోలియన్ కాలంలో ఆవిడ పేరున మండపం లేచింది. ఆవిడకు దక్కిన గౌరవం చెరువుకే గానీ భవనానికి కాదు. మావాడు మండపానికి నాలుగు వైపులా ఫొటోలు తీసి, రాయి ఏ రకమో వాకబు చేశాడు.

అసలు ఆ పేటలో నాకు నచ్చిన కట్టడానికి బోర్డు కూడా లేదు. అరవిందాశ్రమం వాళ్ల వసతి గృహం, పేరు గోల్కొండ్. ఇప్పటి చెక్ దేశంలో పుట్టి అమెరికా పౌరుడైన ఆంటోనిన్ రేమండ్ గీసిన ప్లాను, 1930ల చివర్లో మొదలుపెట్టి ఎక్కువగా ఆశ్రమవాసులే చేతులారా కట్టుకున్నారు. అద్దాల కిటికీలు లేవు. గోడ పొడవునా అడ్డంగా తిరిగే రెక్కలున్నాయి. తెరిస్తే గాలి, మూస్తే వాన ఆగుతుంది. తర్వాత అమెరికాలో చెక్కపనికి పేరుపొందిన జార్జ్ నకషిమా అప్పుడు అక్కడ పనిచేసి, ఆ గదులకు టేకు సామాను కూడా చేశాడు. డబ్బు మాట వస్తే, దివాను సర్ అక్బర్ హైదరీ చొరవతో నిజాం సర్కారు లక్ష రూపాయలిచ్చింది. ఆ కృతజ్ఞతకే గోల్కొండ పేరు పెట్టారు. అంటే మన గోల్కొండ సిస్తులో కొంత ఇక్కడ గాలిగా మారి తిరుగుతోంది. లోపల గోడలకు బొమ్మలు వేలాడదీయాల్సిన అవసరం ఆ కట్టినవాళ్లకు కనిపించలేదు. అనుమతి లేకుండా లోపలికి వెళ్లనివ్వరు, కాబట్టి వీధిలోంచే చూశాం. "గోడ మీద ఏమీ లేదేంటి?" అని పెదవి విరిచాడు మావాడు.

హైదరాబాద్ వచ్చిన వారానికి ఆయన ఆర్కిటెక్టును పిలిపించాడు. కారైక్కుడి నుంచి నాలుగు స్తంభాలు బయల్దేరాయి. ప్రహరీకి ఆవపిండి రంగు, దాని ముందు స్తంభాల అరుగు. అరుగు రావాలంటే గోడ బయటికి నాలుగడుగులు జరగాలి. "జనరేటర్ మరీ వికారంగా ఉందన్నయ్యా, దాన్ని రోడ్డుకు ఆ పక్కన పెట్టిస్తున్నా" అన్నాడు. ఫుట్‌పాత్ ఖాళీ అవుతుందని నేను సంతోషించేలోపే ప్లాను చూపించాడు. ఖాళీ అయిన జాగా మొత్తం అరుగు కిందికే పోయింది. ప్రహరీ లోపల మాత్రం కారు షెడ్డు నుంచి వీధి గుమ్మం దాకా సన్నటి బాట గీసి, దాని మీద 'హెరిటేజ్ వాక్' అని రాశారు.

ఇప్పుడు అరుగు మీద పెట్టడానికి సరుకు కావాలి. అత్తగారికి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు.

"అత్తయ్యా, ఊళ్లో ఇంట్లో పాతవి ఇంకా ఏమైనా మిగిలాయా?"

"నేనొక్కదాన్నే మిగిలాను బాబూ" అందావిడ.